టాంటీ పలకని పిలుపు

మా పాటల పెద్దమ్మ టాంటీ ఫిలోమీన్ పాట మధ్యలో నోరు మూసేసి, చెప్పులేసుకుని, బడి హాలు మెట్లు దిగి వెళ్లిపోవడం దగ్గర కదా పోయిన వారం ఆగాం. ఎందుకు వెళ్లిపోతోందో ఎవరికీ చెప్పలేదు. చెప్పే మనిషైతే టాంటీ ఎందుకవుతుంది?

ట్రినిడాడ్ నుంచి తెరచాప ఓడలో దారిపొడుగునా కక్కుకుంటూ వచ్చిన వయొలిన్ వాళ్లు, ఇప్పుడిప్పుడే మొహాల్లోకి రంగు తిరిగినవాళ్లు, వాయిద్యాలు ఒళ్లో పెట్టుకుని నావైపు చూశారు. నావైపెందుకు చూడటం? నేను గిలకలు ఊపే మనిషిని. పాడే మనిషి లేచిపోతే గిలకల మనిషి ఏం చేస్తుంది, తల ఊపుతుందా? మా ఆర్డన్ మాత్రం వాయిద్యాలని నడిపే పుల్ల అలాగే గాల్లో పట్టుకుని నిలబడ్డాడు, ఆవిడ గుక్క తిప్పుకుని మళ్లీ అందుకుంటుందన్నట్టు.

ఆర్డన్ మా ఇస్మే పిన్ని కొడుకు. లండన్‌లో సంగీతం చదివాడు, పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో పాఠాలు చెబుతాడు. గ్రెనడా పక్కనున్న మా కారియకూ దీవిలో పెద్ద డోలు ఆట పాటలన్నీ పోగేసి, ఏళ్ల తరబడి కూర్చుని, వాటిని ఆర్కెస్ట్రాకి కట్టాడు. వయొలిన్లు, బాకాలు, పిల్లనగ్రోవులు, వాటి నడుమ మా డోళ్లు, మా టాంటీ గొంతు. నేనేం సంగీతం చదువుకోలేదు గానీ, మొదటిసారి విన్నప్పుడు గిలకలు ఊపడం మర్చిపోయి తిట్లు తిన్నాను.

శనివారం పొద్దున మా బాబాయి, ఆర్డన్ వాళ్ల నాన్న, కెప్టెన్ హ్యూబర్ట్ క్వామినా సమాధి మీద రాయి వేస్తాం. మనిషిని పూడ్చడం పోయిన మర్నాడే అయిపోతుంది కానీ, రాయి వెయ్యడం ఏళ్లకి గానీ కుదరదు. అది పడేదాకా పోయినవాడు పూర్తిగా పోయినట్టు కాదు. ఇంటి చుట్టూనే తిరుగుతూ, కలల్లోకి వచ్చి నా సంగతేం చేశారని అడుగుతాడు. బాబాయి పిన్ని కలలోకొచ్చి అడగనే అడిగాడు. అందుకే శనివారం రాయి, విందు, సాయంత్రం బడి ముందు మైదానంలో ఆర్డన్ సంగీతం. ఆ సంగీతం చివర్న టాంటీ ఆర్డన్‌ని తండ్రి జాతి పేరుతో, క్రొమాంటీ బిడ్డా అని, బరిలోకి పిలవాలి. వాడు పుల్ల పక్కన పడేసి, బరిలోకి దిగి, తండ్రి కోసం ఆడాలి. ఇదంతా వాడు కట్టింది ఆ ఒక్క పిలుపు కోసం. సరిగ్గా ఆ పిలుపు దగ్గరే టాంటీ నోరు మూసింది.

"పద అక్కా," అన్నాడు ఆర్డన్ చివరికి. "వెళ్లి కాళ్లు పట్టుకుందాం."

"ఇద్దరం దేనికి? నీ కాళ్ల బేరం నువ్వు చేసుకో."

"నువ్వు లేకపోతే గుమ్మంలోనే తిట్టి పంపేస్తుంది."

అదీ నిజమే. వెంట వెళ్లాను.

దారిపొడుగునా వాడు తన తప్పులు ఏరుకుంటూ వచ్చాడు.

"మైకు పెట్టానని కోపమొచ్చిందంటావా?"

"మైకంటే ఆవిడకి మహా సరదా. నిన్న అందులో దగ్గి మరీ విన్నది."

"క్షమాపణ పాట కురచ చేశాననా?"

"అది కావచ్చు." ఏ ఆటైనా ముందు క్షమాపణ పాటతోనే మొదలవ్వాలి. తెలిసీ తెలియక చేసిన తప్పులన్నీ పోయిన పెద్దల ముందు ఒప్పుకుని, మోకాళ్ల మీద కూర్చుని పాడే పాట అది. వీడు దాన్ని కత్తిరించి, చిన్న ముక్క చేసి, పిల్లనగ్రోవి చేతిలో పెట్టాడు.

"పోనీ సిల్వన్‌ని పంపేశాననా?"

ఆ విషయంలో నాకే ఒళ్లు మండుతోంది.

సిల్వన్ లెండోర్ మా కట్టర్ మనిషి. మూడు డోళ్లలో పక్క రెండూ ఒకే నడక నడుస్తాయి. మధ్యలోది కట్టర్, అది ఆడేవాళ్ల కాళ్లతో మాట్లాడుతుంది. కుర్రతనంలో అరూబా చమురు కర్మాగారానికి పోయి, జుట్టు నెరిశాక తిరిగొచ్చిన మనిషి సిల్వన్. పెళ్లాం లేదు, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఆ డోలు. మాట్లాడే డోలుకి కాగితం మీద రాసిచ్చి ఇదే మాట్లాడు అంటే మాట్లాడుతుందా? ఆర్డన్ ఆగమన్న చోట మొదలెడతాడు, మొదలెట్టమన్న చోట చుట్ట వెలిగిస్తాడు. వయొలిన్ వాళ్లు బెంబేలెత్తిపోయారు. ఆర్డన్ తప్పూ లేదు, అంతమందిని ఒక తాటి మీద నడపాలి, చూస్తే శనివారం నెత్తి మీదికొచ్చింది. కానీ పొద్దున అందరి ముందూ ఆ మాట అనాల్సింది కాదు.

"మాస్టారూ, మీరింక ఇంటికెళ్లండి. ఈ భాగం ట్రినిడాడ్ అబ్బాయి చూసుకుంటాడు," అనేశాడు.

సిల్వన్ డోలు చంకన పెట్టుకుని, టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు.

టాంటీ వాకిట్లో పీట మీద కూర్చుని పచ్చి కందికాయలు వలుస్తోంది. శనివారం విందుకి. మేం గేటు తీసిన చప్పుడు విని కూడా తలెత్తలేదు. కాళ్లతో ఒక గంప మావైపు తోసింది.

"వచ్చినవాళ్లు ఊరికే కూర్చోకండి."

ఆర్డన్ ఇస్త్రీ ప్యాంటుతో రాయి మీద కూర్చుని ఒళ్లో కాయలు పోసుకున్నాడు. లండన్‌లో వీటిని వలిపించి ఉండరు, గోరుతో పీకుతున్నాడు.

"టాంటీ, తప్పయిపోయింది."

"ఏ తప్పు?"

"క్షమాపణ పాట పూర్తిగా పెడతాను. మీరెంతసేపు పాడితే అంతసేపు."

"పెట్టు. మంచిదే. నేను లేచొచ్చింది దానికి కాదు."

"పాట అయ్యాక బరి కాసేపు ఖాళీగా వదల్లేదని..."

"వదలాలి. పెద్దలు ఆడాక గదరా మనం దిగేది! వాళ్లని తోసుకుంటూ పోతావా? సరే, అదీ దిద్దుకో. దానికీ కాదు."

"సిల్వన్ మాస్టారిని..."

టాంటీ చెయ్యి కాయ మీద ఆగింది. ఆగి, మళ్లీ వలిచింది. "సిల్వన్‌ని గెంటినందుకు నువ్వే ఏడుస్తావు, నేను ఏడవక్కర్లేదు. దానికీ కాదు."

"మరింకేం తప్పులున్నాయి టాంటీ? నా దగ్గర సరుకు అయిపోయింది."

నాకు నవ్వొచ్చింది. టాంటీకి కూడా వచ్చింది గానీ మింగేసింది. పొట్టు దులుపుకుని, మొదటిసారి వాడి మొహంలోకి చూసింది.

"నువ్వు తప్పు చెయ్యలేదురా. అదే వచ్చిన చిక్కు. చేసుంటే రెండు తిట్టి మళ్లీ వచ్చి పాడేదాన్ని."

"మరి?"

"క్రొమాంటీ పాట పాడనన్నానా? పాడతాను. హ్యూబర్ట్ రాయి మీద రమ్ము పోసి, గొంతు చిరిగిపోయేలా పాడతాను. హ్యూబర్ట్ క్రొమాంటీ, వాళ్ల నాన్న క్రొమాంటీ, ఆ ముసలాడి నాన్నా క్రొమాంటీయే. 'ఆర్డన్, క్రొమాంటీ బిడ్డా, దిగిరా' అని మాత్రం పిలవను."

"ఎందుకని?"

"పిలిస్తే నువ్వొస్తావు. నువ్వొస్తే వాళ్లు చూస్తారు."

"ఎవరు?"

"బరిలో ఎవరుంటార్రా? క్వామినాల పోయిన ముసలాళ్లందరూ. మనవాడంటూ ఎవణ్ణో తెచ్చావేంటే ఫిలోమీన్ అని నన్నడిగితే నేనేం చెప్పను?"

నా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. చెవులు వేడెక్కాయి. వినకూడని మాట విన్నప్పుడు నాకెప్పుడూ ముందు చెవులే తెలుసుకుంటాయి.

మా దగ్గర జాతి తండ్రి నుంచి వస్తుంది. మా ముత్తాతల్ని బానిసలుగా ఓడల్లో కుక్కి తెచ్చినప్పుడు పేర్లు పీకేశారు, భాష పీకేశారు. ఈ ఒక్క ముక్కని మాత్రం తండ్రులు పిల్లల చెవిలో వేస్తూ వచ్చారు: నువ్వు క్రొమాంటీ, నువ్వు ఈబో, నువ్వు కాంగో అని. డోలు ఆ జాతి అడుగు వేసినప్పుడు ఆ జాతివాళ్లే ముందు దిగాలి. చదువుకున్నవాళ్లు దీన్ని చూసి నవ్వుతారు. నవ్వేవాళ్లు కూడా తమ డోలు వినపడగానే లేచి నిలబడటం నేను చూశాను.

ఆర్డన్ ఒళ్లో కాయలు నెమ్మదిగా గంపలో పోశాడు. ఒక్కటి కూడా కింద పడనివ్వలేదు.

"నేను క్రొమాంటీ కాదంటున్నారా?"

"అంటున్నాను."

"అంటే మా నాన్న నా తండ్రి కాదంటున్నారు."

"నేను తండ్రి మాట ఎత్తలేదు. జాతి మాట ఎత్తాను."

"ఈ దీవిలో రెండూ ఒకటేగా!"

"ఆ ముడి నువ్వే వేసుకున్నావు, నేను వెయ్యలేదు."

వాడు లేచాడు. గొంతు పెరిగింది. "నాకు ఈత నేర్పిందెవరు టాంటీ? నాకు జ్వరమొస్తే సరుకంతా రేవులో వదిలేసి, గ్రెనడా వెళ్లి డాక్టర్ని ఎక్కించుకొచ్చిందెవరు? సంగీతమేంటి, ఓడ పని నేర్పించు అని ఊరంతా ఎగతాళి చేస్తే, నా కొడుకిష్టం అన్నదెవరు?"

"హ్యూబర్టే."

"ఆయన నా తండ్రి కాదా?"

"కాదని ఎవరన్నారు? శనివారం ఆ రాయి మీద పడే మొదటి చెయ్యి నీదే. పెద్దల పళ్లెంలో అన్నం పెట్టేదీ నువ్వే. ఎవడైనా కాదంటే వాడి పళ్లు నేనే రాలగొడతాను. అవన్నీ నీవి. పిలుపు మాత్రం నాది."

"ఎలా మీదవుతుంది?"

"గొంతు నాది గనక. తప్పు పిలుపు పిలిస్తే తగిలేది పిలిచిన గొంతుకే. మా అమ్మ ఒకసారి మొహమాటానికి పోయి ఒకణ్ణి కాని జాతిలో పిలిచింది. ఆ తర్వాత ఆవిడ పాడగా ఎవరైనా విన్నారా?"

ఆవిడకి గొంతులో పుండని డాక్టరన్నాడు. ఆ మాట టాంటీ ముందు అనే ధైర్యం ఇంతవరకూ ఎవరికీ రాలేదు, నాకూ రాలేదు.

కానీ ఆర్డన్ ఊరుకునే రకం కాదు. అటూ ఇటూ రెండుసార్లు తిరిగి, వచ్చి టాంటీ ముందు గొంతుక్కూర్చున్నాడు. ఈసారి గొంతు తగ్గించి అడిగాడు.

"ఓడల్లో దిగినవాళ్లందరికీ తండ్రెవరో తెలుసా టాంటీ? చంటిపిల్లలు దిగుంటారు. తల్లీ తండ్రీ సముద్రంలోనే పోయినవాళ్లు దిగుంటారు. వాళ్లనేమని పిలిచారు? బరి బయటే నిలబెట్టారా?"

టాంటీ బదులు కోసం వెతుక్కోవడం నా జన్మలో అదే మొదటిసారి చూడటం. గౌను అంచుతో మొహం తుడుచుకుంది.

"మంచి మాటే అడిగావు," అంది. "వాళ్లని ఎవరు చేరదీస్తే ఆ జాతిలో పిలిచారు. క్షమాపణ పాట పాడుకున్నారు, చేరదీసిన చోటికి పోయారు. తప్పు లేదు. తెలీదు కాబట్టి తప్పు లేదు."

"నాకూ తెలీదుగా!"

"నీకు తెలీదు. నాకు తెలుసు. చెప్పాల్సినావిడ బతికే ఉంది. తెలిసినవాళ్లు ఉండగా తెలీనట్టు పిలవడం ఎలారా నాయనా?"

టాంటీ మొహంలో కోపం ఎక్కడా లేదు. చూస్తే జాలేసింది. వాడి కోసం ఎంత బాధపడుతోందో నాకప్పుడు తెలిసింది.

అనుకుంటూనే ఉన్నాం, గేటు దగ్గర ఇస్మే పిన్ని గొంతు వినపడింది. "అక్కా, నీ పెద్ద కాగు ఇస్తానన్నావు, తీసుకుపోదామని వచ్చా," అంటూ లోపలికొచ్చింది. మోచేతుల దాకా మొక్కజొన్న పిండి. రాయి పనులు మొదలైన దగ్గర్నుంచి ఆవిడ కుదురుగా కూర్చున్నది లేదు. మా ముగ్గురి మొహాలూ చూసి ఆగిపోయింది.

"ఏంటలా ఉన్నారు? ఎవరైనా పోయారా?"

"ఇంకా లేదు," అంది టాంటీ.

ఆర్డన్ లేచి నిలబడ్డాడు. సూటిగా అడిగేశాడు.

"అమ్మా, నేను ఏ జాతి?"

పిన్ని వాడి వైపు చూడలేదు. టాంటీ వైపు చూసింది. "చెప్పేశావా అక్కా?"

"నేనేం చెప్పాను? పాడలేదు, అంతే."

ఆ ఒక్క ప్రశ్నతోనే అంతా ఒప్పుకున్నట్టయింది. 'ఏంటా పిచ్చి ప్రశ్న, క్రొమాంటీవి' అంటుందని నేను లోలోపల ఎదురుచూస్తున్నాను. అనలేదు. బోర్లించి ఉన్న కాగు మీద కూలబడింది. పిండి చేతులు ఒళ్లో పెట్టుకుంది, గౌను పాడవుతుందని కూడా చూసుకోలేదు.

"హ్యూబర్ట్‌కి తెలుసు," అంది. "ముందు నీకా మాట చెప్పాలి. నేను మోసం చెయ్యలేదు. పెళ్లి మాట ఎత్తినప్పుడే చెప్పేశాను. అయితే ఏంటి, కడుపులో ఉన్నవాడు ఒట్టి చేతులతో రాడుగా అన్నాడు. ఒకటే కోరాడు. నేనున్నన్నాళ్లూ వాడు నావాడు ఇస్మే, ఊరి నోట్లో పడనివ్వకు, నా రాయి పడ్డాక చెప్పుకో అన్నాడు."

పిన్నే మళ్లీ అందుకుంది.

"మీరంతా అతను కలలోకి రాయి కోసం వచ్చాడనుకున్నారు. రాయి కోసమే. కానీ ఎలా అడిగాడో నేను ఎవరికీ చెప్పలేదు. తొందరగా వెయ్యి ఇస్మే, ఆ మాట మోయలేకపోతున్నాను అన్నాడు." అప్పటిదాకా పొడిగా చెప్పుకొచ్చిన మనిషి అక్కడ ఏడ్చేసింది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆవిడ చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను.

ఆర్డన్ ఎటో చూస్తున్నాడు. కళ్లు ఎర్రబడ్డాయి గానీ మాట స్థిరంగానే ఉంది.

"ఎవరో నాకొద్దు. పేరు చెప్పకు. నాకు నాన్న ఒక్కడే. జాతి చెప్పు చాలు. టాంటీ ఏమని పిలవాలో అది చెప్పు."

పిన్ని టాంటీ వైపు చూసింది. టాంటీ తల వంచుకుని కందిగింజలు కెలుకుతోంది.

"తెమ్నే," అంది పిన్ని.

జాతి చాలన్నాడు పిచ్చి సన్నాసి. క్రొమాంటీలైతే దీవి నిండా ఉన్నారు. ఈబోలు ఏ ఊళ్లో చూసినా ఉన్నారు. తెమ్నేలు? వాళ్లలో సగం మంది ట్రినిడాడ్ పోయారు, సగం మంది కాటికి పోయారు. లెస్టేర్ ఊళ్లో బ్రెడ్‌ఫ్రూట్ చెట్టు పక్కన ఒక్కటే ఇల్లు మిగిలింది. ఆ ఇంట్లో ఒక్కడే మనిషి, ఒక డోలు. ఈ దీవిలో పుట్టిపెరిగిన ఎవరికైనా జాతి పేరు చెబితే ఇంటి తలుపు చూపించినట్టే. ఆర్డన్ ఇక్కడే పుట్టి పెరిగాడు.

వాడి పెదాలు కదిలాయి.

"పొద్దున," అన్నాడు చివరికి. అంతకంటే అనలేకపోయాడు. రాయి మీద కూర్చుండిపోయాడు.

"అతనికి తెలీదు," అంది పిన్ని గబగబా. "అరూబా ఓడ ఎక్కేనాటికి నాకే తెలీదు. తెలిసేసరికి అతను సముద్రం అవతల. ఇటు చూస్తే హ్యూబర్ట్ వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఎన్నేళ్లని చూడను? తిరిగొస్తాడో రాడో కూడా తెలీదు. వచ్చేసరికి నువ్వు పెద్దవాడివైపోయావు. సిల్వన్‌కి ఏమీ తెలీదురా. నువ్వు అతనికి హ్యూబర్ట్ కొడుకువి, అంతే."

"ఎవరికి ఏం తెలీదు?" అన్నాడు గేటు దగ్గర మనిషి.

పిన్ని నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్లు దిగాయి. సిల్వన్ లెండోర్ గేటు మోకాలితో తోసుకుని లోపలికొచ్చాడు. రెండు చేతులా డోలు పట్టుకుని ఉన్నాడు, అందుకే గడియ చప్పుడు మాకు వినపడలేదు.

"ధర తెలీదంటోంది," అంది టాంటీ తడుముకోకుండా. "కాగుది. నీకెందుకు? నువ్వేంటిలా?"

"నీ దగ్గర వదిలిపోదామని వచ్చా ఫిలో." ఆయన డోలు నేల మీద పెట్టి, వెనక్కి వంగి నడుము పట్టుకున్నాడు. అప్పుడు ఆర్డన్ కనపడ్డాడు. "ఓ, నువ్వూ ఇక్కడే ఉన్నావా అబ్బాయ్. మరీ మంచిది. ఇదిగో, ట్రినిడాడ్ కుర్రాడి డోలు నేను చూశాను. సముద్రపు గాలికి దాని తోలు మెత్తబడిపోతుంది. సాయంత్రానికి పలకనే పలకదు. నాది మేకతోలు, కొత్తగా బిగించా. వాడికివ్వు."

ఆర్డన్ డోలు వైపే చూస్తున్నాడు.

"నా మీద కోపమా?" అన్నాడు సిల్వన్. "నాకు నీమీద లేదు. పొద్దున కొంచెం నొచ్చుకున్నాను, అబద్ధం ఎందుకు. ఇంటికెళ్లి కూర్చుంటే అనిపించింది, ఎవరు వాయిస్తే ఏంటి? హ్యూబర్ట్ రాయికి మంచి డోలు మోగాలి. అరూబా నుంచి ఒట్టి చేతులతో దిగితే నన్ను రేవు నుంచి ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టిందతనే. ఎందుకో నేనంటే మహా అభిమానం. ఎందుకో నాకెప్పుడూ అర్థం కాలేదు."

పిన్ని కళ్లు మూసుకుంది.

ఆర్డన్ లేచి వచ్చాడు. డోలుని రెండు చేతులా ఎత్తాడు. ఎత్తి, నేను అనుకున్నట్టు తన వైపు తీసుకోలేదు. పీట లాగి, సిల్వన్ ముందు పెట్టాడు.

"మీరే వాయించాలి మాస్టారూ."

"నేను నువ్వు రాసింది వాయించలేను గదా నాయనా. ప్రయత్నం చేశాను. రాలేదు."

"నేను రాసింది వద్దు." పీట ఇంకాస్త దగ్గరికి జరిపాడు. "మీకేది వస్తే అది. వాళ్లే మీ వెనక వస్తారు. రాకపోతే నేను రప్పిస్తాను."

సిల్వన్ వాణ్ణి కాసేపు చూశాడు. పొద్దున గెంటినవాడు మధ్యాహ్నానికి ఇలా ఎందుకు బతిమాలుతున్నాడో ఆయనకి బోధపడలేదు, పడితేనే వింత. కానీ డోలు ముందు పెడితే కాదనే మనిషి కాదు. పీట మీద కూర్చుని, డోలు మోకాళ్ల మధ్య ఇరికించుకుని, తోలు మీద అరచెయ్యి ఒకసారి రాశాడు. మొహం చిన్నపిల్లాడిలా వెలిగింది.

"సరే, అయితే ఇప్పుడే ఒకసారి చూద్దాం. ఆ చివరిది. నీ పిలుపు." చేతులు పైకెత్తి ఆర్డన్ వైపు చూశాడు. "క్రొమాంటీయే కదా? నీ జాతి అదేగా?"

ఆర్డన్ తల్లి వైపు చూశాడు. అలాంటి చూపు వాడి మొహంలో నేను వాడి చిన్నప్పుడు కూడా చూడలేదు.

పిన్ని నా చెయ్యి వదిలేసింది. లేచి, నాలుగంగల్లో వచ్చి, పిండి చెయ్యి తోలు మీద వేసింది. పిండితో అయిదు వేళ్లూ పడ్డాయి.

"ఆగు సిల్వన్. శనివారం దాకా ఆగమన్నాడు హ్యూబర్ట్. నేను ఆగలేను."

"దేనికి ఆగమన్నాడు?"

"ఇస్మే," అంది టాంటీ. మెల్లగానే అంది గానీ పిన్ని నోరు మూతపడింది. "ముందు క్షమాపణ పాట. తర్వాత నీ మాట."

టాంటీ కుండ తెచ్చి వాకిట్లో నీళ్లు చల్లింది. ఆ వయసులో, ఆ మోకాళ్లతో, కందిపొట్టు మధ్య మోకరిల్లింది. క్షమాపణ పాట ఎత్తుకుంది. కత్తిరించిన ముక్క కాదు, మొత్తం. పిన్ని పక్కనే మోకరిల్లింది. ఆర్డన్ ఇస్త్రీ ప్యాంటుతో ఆ తడి మట్టిలోనే మోకరిల్లాడు. నా దగ్గర గిలకలు లేవు, గుప్పెడు కందిగింజలు గిన్నెలో వేసి ఊపాను.

మా అందరినీ వింతగా చూశాడు సిల్వన్. అయినా ఆ పాట మొదలయ్యాక డోలు ఊరుకోకూడదు. అది ఆయనకి ఒకరు చెప్పాలా? అందుకున్నాడు. ఎవర్ని క్షమించమని అడుగుతున్నామో తెలియకుండానే, కళ్లు మూసుకుని, ఎంతో శ్రద్ధగా వాయిస్తున్నాడు.

పాట అయిపోతే పిన్ని మాట్లాడాలి. పాట అయిపోవచ్చింది.